పెట్టె లేని సబ్‌వూఫర్‌పై విచారణ

లోకంలోని సమస్త ప్రమాదాలూ కారు డిక్కీలోనే పుడతాయన్నది సైబరాబాద్ నాగరికతకు మూలసూత్రం. ముందు సీట్లో కూర్చున్నవాడు ఎవరైనా కావచ్చు, వాడి ఒళ్లో ఏమైనా ఉండవచ్చు. వెనక డిక్కీ తెరిచి, లోపలికి తొంగి చూసి, మళ్లీ మూసేస్తే దేశానికి ఆ పూటకు ముప్పు తప్పినట్టే. కర్రకు అద్దం కట్టి కారు కింద తిప్పడం కూడా ఈ శాస్త్రంలో భాగమే. (ఆ అద్దంలో ఇంతవరకూ కనిపించింది తిప్పేవాడి ముఖం ఒక్కటే.)

మాదాపూర్‌లోని ఆరోహణ టెక్ పార్కు ఈ శాస్త్రానికి పీఠం. 2011లో తెలంగాణ కోసం సకల జనులూ సమ్మెకు దిగినప్పుడు బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, బొగ్గు గనుల్లో పార కదల్లేదు. ఆరోహణ గేటు దగ్గర డిక్కీ తనిఖీ మాత్రం ఒక్క పూటైనా ఆగలేదు. అక్కడ నిలబడే మనిషి పేరు చంద్రయ్య. మెదక్ జిల్లాలో బోరు ఎండిపోతే పొలం వదిలేసి వచ్చి, బోరబండలో ఉంటూ, నీలం చొక్కా తొడుక్కుని, తలకన్నా పెద్దదైన టోపీ పెట్టుకుని ఉద్యోగం చేస్తున్నాడు. నిబంధనలంటే అతనికి భయమూ లేదు, భక్తీ లేదు. చెప్పింది చెయ్యడం, చూసింది చెప్పడం, అంతే. (ఈ రెండో అలవాటు ఆ ఐటీ కారిడార్‌లో మరెవరికీ లేదు. అందుకే తర్వాత జరిగిందంతా జరిగింది.)

ఆ గేటులోంచి రోజూ వచ్చే కార్లలో ఒకటి పార్థసారథిది. అతనిది తెనాలి. ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం వృత్తి. పాటలో బేస్ ఎక్కడ తగ్గిందో వెతకడం ప్రవృత్తి. మూసాపేటలో ఒంటి గది ఫ్లాటు, వాయిదాల మీద కొన్న చిన్న కారు. దానికి ఒక సబ్‌వూఫర్, అంటే చెవికన్నా ముందు గుండెకు వినిపించే మంద్రమైన శబ్దాలు పలికే పెద్ద స్పీకరు, బిగించనిదే జన్మ వ్యర్థమని అతని నమ్మకం.

అదే కారులో వచ్చే సహోద్యోగి రత్నమాల. వరంగల్ అమ్మాయి, మూసాపేటలోనే హాస్టల్లో ఉంటుంది. నంబరు ప్లేటు మీద ‘ఏపీ’ కొట్టేసి ‘టీజీ’ రాయించమని అతన్ని ఏడాదిగా అడుగుతోంది. అది సొంత కారైతే అలాగే రాయించుకునేవాడినని, బ్యాంకువాళ్లది కాబట్టి వీలుకాదని అతను ఏడాదిగా జవాబిస్తున్నాడు. ఆమె అతన్ని నువ్వు అనేది, అతను ఆమెను మీరు అనేవాడు. ఆ కారులో మిగిలిన ప్రాంతీయ విభేదం అదొక్కటే. పాటల విషయంలో ఒడంబడిక కుదిరింది: పొద్దున వెళ్లేటప్పుడు ఆమె ఉద్యమ పాటలు, సాయంత్రం వచ్చేటప్పుడు అతని సినిమా పాటలు. (ఢిల్లీలో ఇంత సులువుగా ఏదీ కుదరలేదని అప్పటి పత్రికలు చూస్తే తెలుస్తుంది.)

సబ్‌వూఫర్ కొనడానికి ఇద్దరూ కలిసే మూసాపేటలోని కార్ డెకరేషన్ దుకాణానికి వెళ్లారు. స్పీకరును మోగించడానికి ఆంప్లిఫయర్ కావాలి. రెండింటికీ జాతకాలు కలవాలి. దుకాణదారుడు ఒక అట్టపెట్టెను ప్రేమగా తుడిచి ముందు పెట్టాడు.

“వెయ్యిన్నర వాట్లు సార్. డబ్బ మీద రాసున్నది సూడుండ్రి.”

“డబ్బా మీద రాసింది కాదండీ. నిలకడగా ఎంత ఇస్తుంది?”

“నిలకడంటే, ఒక్కపారి ఆన్ చేస్తే ఇగ ఆగదు సార్.”

పార్థసారథి పెట్టె వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివాడు. పైన పెద్దగా రాసినదాన్ని పీక్ అంటారు. రెప్పపాటు కాలం, అదీ ఫ్యాక్టరీలో, దేవుడు కరుణించిన రోజున ఇచ్చేది. రోజూ ఇచ్చేదాన్ని ఆర్ఎంఎస్ అంటారు. అందులో పదో వంతు. (మన కారిడార్‌లో బయోడేటాలో రాసేది పీక్, చేరాక చేసేది ఆర్ఎంఎస్. జీతం దేని ప్రకారం ఇవ్వాలన్న విషయంలో ఇంకా స్పష్టత రాలేదు.) స్పీకరు నిలకడగా ఎంత తట్టుకుంటుందో ఆంప్లిఫయర్ నిలకడగా అంతే ఇవ్వాలి, స్పీకరు ఓమ్‌లు, అంటే కరెంటును అడ్డుకునే కొలత, మరీ తక్కువైతే ఆంప్లిఫయర్ వేడెక్కి తనంతట తానే మూసుకుంటుంది. ఇవన్నీ లెక్కచూసి, దుకాణదారుడి కడుపు మండేలా, పెద్ద అంకె ఉన్నది వదిలేసి చిన్న అంకె ఉన్నది కొన్నాడు. చెక్కపెట్టెలో బిగించిన సబ్‌వూఫర్‌ను డిక్కీలో పెట్టించుకుని, మర్నాడు పొద్దున ఉద్యమ పాటతో ఆరోహణ గేటు దగ్గర ఆగాడు.

చంద్రయ్య డిక్కీ తెరిచాడు.

“సార్, గిదేంది? పెట్టె ఉన్నది.”

“స్పీకరు చంద్రయ్యా.”

“పెట్టె ఉంటె తెర్వాల్నట సార్. రూల్ల ఉన్నది.”

ఉన్న మాటే. ‘పెట్టె అనదగిన ప్రతి వస్తువును తెరచి, లోపలి సరుకును కంటితో చూడవలెను.’ సబ్‌వూఫర్ పెట్టెకు మూత ఉండదు. నాలుగు వైపులా స్క్రూలు బిగించి, గాలి పోకుండా మూసి ఉంటుంది. చంద్రయ్య స్క్రూడ్రైవర్ తెప్పించి, స్పీకరు ఊడదీసి, లోపలికి టార్చి వేశాడు.

“లోపలేం లేదు సార్.”

“గాలి ఉందయ్యా. అది ఉండాల్సిందే.”

“గాలే గని, సూడాల్నట.”

చూసి, మళ్లీ బిగించాడు. మర్నాడు మళ్లీ విప్పాడు. నిన్నటి గాలి వేరు, ఇవాళ్టి గాలి వేరు. వెనక కార్ల వరస పెరిగి పెరిగి మలుపు దాటింది. హారన్లు కొట్టేవాళ్లు కొట్టారు, మీటింగు పోయినవాళ్లు తిట్టారు. పార్థసారథికి సిగ్గేసింది. ఆ వారాంతంలో అతను పెట్టెనే తీసేశాడు.

పెట్టె లేకుండా సబ్‌వూఫర్ మోగదా అంటే మోగుతుంది. దానికో పద్ధతి ఉంది. వెనక సీటుకూ డిక్కీకీ మధ్య మందపాటి ప్లైవుడ్ పలక అడ్డం పెట్టి, దానికి గుండ్రంగా కన్నం కోసి, స్పీకరును అందులో బిగించాలి. ముందు ముఖం సీటు వైపు, వెనక వీపు డిక్కీ వైపు. పలక చుట్టూ, సీటు సందుల్లో గాలి జొరబడకుండా స్పాంజి కూరాలి. అప్పుడు డిక్కీ మొత్తం పెట్టె అయిపోతుంది. అయితే చిన్న పెట్టెలోని గాలి స్పీకరును మెత్తగా పట్టి ఆపుతుంది; డిక్కీలో ఆ పట్టు ఉండదు. కాబట్టి ఇలా బతకగల గట్టి స్పీకరునే ఎంచుకోవాలి, ఆంప్లిఫయర్ జోరు కూడా తగ్గించాలి. పార్థసారథి స్పీకరు మార్చాడు, జోరు తగ్గించాడు.

రత్నమాలకు నమ్మకం కుదరలేదు. “పెట్టె లేకుంటే మోగుతదా సారథీ?”

“డిక్కీయే పెట్టె అవుతుందండీ.”

“ఇగ డిక్కీని గూడ ఊడదీస్తరేమో సూడు.”

ఊడదీయలేదు. చంద్రయ్య డిక్కీ తెరిచి, పెట్టె లేదని తృప్తిపడి, చెయ్యెత్తి పంపేశాడు. పలకను, దానికున్న స్పీకరు వీపును చూశాడు గానీ అవి పెట్టె అనదగినవి కావు.

సమ్మె ముదిరింది. బోరబండ నుంచి మాదాపూర్‌కు బస్సు లేదు, రైలు వస్తుందో రాదో తెలియదు. చంద్రయ్య పొద్దున్నే నడిచి వస్తున్నాడని రత్నమాల కనిపెట్టింది. దారిలోనే కదా అని, బోరబండ స్టేషన్ దగ్గర అతన్ని ఎక్కించుకోవడం మొదలుపెట్టారు. మొదటి రోజు అతను సీటు అంచున, బస్సు తప్పిపోతుందేమో అన్నట్టు కూర్చున్నాడు. పాట మొదలైంది. డప్పు పడగానే ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశాడు.

“సార్, ఈపుల ఎవలో గుద్దుతున్నట్టు ఉన్నది.”

“బాగుందా, లేదా?”

“మంచిగున్నది సార్. మా ఊర్ల పీర్ల పండుగ యాదికొచ్చింది.”

గేటుకు కాస్త ముందు అతను దిగిపోయి, టోపీ పెట్టుకుని, చుట్టూ తిరిగి వచ్చి, తను దిగిన కారునే చెయ్యెత్తి ఆపేవాడు. “ఎక్కడి నుంచి వస్తున్నరు సార్?” అని అడిగేవాడు. అడగాలన్నది నిబంధన. “మూసాపేట నుంచి” అని పార్థసారథి చెప్పేవాడు. చంద్రయ్య వాళ్ల వైపు అపరిచితుడిలా చూసి, అద్దం తిప్పి, డిక్కీ తెరిచేవాడు. రత్నమాల పెదవి కొరుక్కుని కిటికీలోంచి అవతలికి చూసేది.

ఇంతలో భూకంపం వచ్చింది.

అది వచ్చింది ఐదో అంతస్తులోని సమావేశ గదిలో. కంపెనీ పెద్దలు విదేశీ క్లయింటుతో వీడియోలో మాట్లాడుతుంటే కిటికీ అద్దాలు లయబద్ధంగా వణికాయి. బల్ల మీది కాఫీలో వలయాలు లేచాయి. భూకంపమా అని క్లయింటు అడిగాడు. కాదు, స్థానిక రాజకీయ పరిణామం అని వీళ్లు చెప్పారు. భూకంపమైతే బీమా ఉంది, రాజకీయ పరిణామానికి ఏముంది అని క్లయింటు అడిగాడు. కిందికి చూస్తే గేటు ముందు వరసలో పార్థసారథి కారు.

పార్కు మొత్తానికి పరిపాలనాధికారి రామ్మోహనరావు. ఏలూరు మనిషి, మర్యాదస్తుడు, ఎవరినీ ఏకవచనంతో పిలవరు, ఎవరి మాటా పూర్తిగా వినరు. ఆయన ఆ మధ్యాహ్నమే ‘ప్రాంగణ ధ్వని, శాంతి, ప్రాంతీయ సమతౌల్య సంఘం’ ఏర్పాటుచేసి తనే అధ్యక్షుడయ్యారు. సాయంత్రానికి సర్క్యులర్ వచ్చింది. ప్రాంగణంలో ఏ ప్రాంతానికీ చెందని ధ్వనులను మాత్రమే అనుమతిస్తారు. మాటలు వినబడని పాటలను దరువును బట్టి నిర్ధారిస్తారు. డప్పు దరువు ఒక ప్రాంతానికి చెందినదిగా భావిస్తారు. (సినిమా ఐటమ్ పాటలోనూ అదే డప్పు ఉంది కదా అని ఎవరో అడగ్గా, నాయిక దుస్తులను బట్టి తేలుస్తామని సంఘం వివరణ ఇచ్చింది.) తీసుకునే ఏ శిక్షా ఒక్క ప్రాంతంవారి మీదే పడకూడదు, రెండు ప్రాంతాలవారినీ సమాన హోదాలో సమానంగా శిక్షిస్తారు. ఈ ఆఖరి అంశం రాసినప్పుడు రామ్మోహనరావు గారికి కళ్లు చెమర్చాయని సంఘం సభ్యులు చెబుతారు.

అనుమానిత కారును పరీక్షించే బాధ్యత గేటుకు అప్పగించారు. పరీక్షకు కూడా నిబంధన ఉంది: ‘డిక్కీతో పాటు వెనక సీటును కూడా ముందుకు మడిచి, దాచినదేమీ లేదని రూఢి చేసుకున్న పిదప, పాట పెట్టించి వినవలెను.’

చంద్రయ్య సీటు ముందుకు మడిచాడు. స్పాంజి ఊడింది, పలక పక్కకు జరిగింది. పాట పెట్టించాడు. టప్, టప్, టప్ అని, ఎవరో పక్కింట్లో చపాతీలు కొడుతున్నట్టు వినిపించింది. చంద్రయ్య చెవి పెట్టి విన్నాడు. తలుపు వేసి విన్నాడు. కాగితం మీద, తనకు వచ్చిన అక్షరాల్లో, ‘సౌండు లేదు’ అని రాసిచ్చాడు.

సాయంత్రం పార్థసారథి పలక సరిచేసి స్పాంజి కూరుకున్నాడు. మర్నాడు ఐదో అంతస్తు మళ్లీ వణికింది.

మళ్లీ పరీక్షించారు. మళ్లీ సౌండు లేదు. ఆ మర్నాడు మళ్లీ వణికింది. గేటు మనిషి అబద్ధం చెబుతున్నాడని తేల్చడానికి సంఘానికి ఇంతకుమించిన ఆధారం అవసరం లేకపోయింది. విచారణకు తేదీ వేశారు. తప్పని తేలితే చంద్రయ్యను అటునుంచి అటే ఇంటికి పంపుతారు.

ఆ సంగతి పార్థసారథి చెవిన పడింది. ఎందుకు సౌండు రాలేదో ఆ ప్రాంగణంలో తెలిసినవాడు అతనొక్కడే. చెబితే పెట్టె లేకుండా సబ్‌వూఫర్ పెట్టినట్టు ఒప్పుకోవాలి. పెట్టె ఉన్న స్పీకరుకు నిబంధన ఉంది, స్పీకరు లేని పెట్టెకు నిబంధన ఉంది. పెట్టె లేని స్పీకరు అనేది నిబంధనల్లో లేదు కాబట్టి అది ‘గుర్తు తెలియని విద్యుత్ వస్తువు’ కిందికి వస్తుంది. కారు పాస్ పోతుంది, ఆపైన ఉద్యోగం మాట ఎలా ఉంటుందో తెలియదు. నెలనెలా బ్యాంకు ఉంది. తెనాలిలో నాన్న కంటి ఆపరేషన్ ఉంది.

సాయంత్రం కారులో అతను సినిమా పాట పెట్టలేదు. రత్నమాలే అడిగింది.

“ఏంది, గంత సైలెంటు?”

“అతను నిజమే రాశాడండీ. సీటు మడిస్తే సౌండు పోతుంది.”

“ఆ ముక్క ఆడ చెప్పు మరి.”

“చెబితే నా పాస్ పోతుందండీ.”

“చెప్పకుంటే ఆయన బువ్వ పోతది.” ఆమె అతని వైపు తిరిగి, “నేను నిన్ను తిడ్తలేను సారథీ. పాట నాది, పొద్దున పెట్టింది నేను. కానీ అందుల మోగింది నీ డబ్బా” అంది.

“డబ్బా లేదండీ అందులో. అదే కదా సమస్య” అన్నాడు పార్థసారథి. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు బోరబండ దాకా కూడా నిలవలేదు.

విచారణ భూగర్భ పార్కింగులో, కారు పక్కనే బల్ల వేసి జరిపారు. రామ్మోహనరావు మధ్యలో, శాంతి సభ్యుడు, ధ్వని సభ్యుడు అటూ ఇటూ. సాక్షిగా కారు యజమాని, అభ్యర్థన మీద రత్నమాల. చంద్రయ్య టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

“మీరు ఈ కారులో ఎప్పుడైనా శబ్దం విన్నారాండీ?” అన్నారు రామ్మోహనరావు.

“ఇన్న సార్.”

“ఎప్పుడు?”

“రోజు ఇంట సార్. బోరబండ కాడ ఎక్కుత గద. ఈపుల గుద్దినట్టు ఉంటది. మంచిగుంటది.”

శాంతి సభ్యుడు కలం కింద పెట్టేశాడు. రత్నమాల కళ్లు మూసుకుంది.

“మరి సౌండు లేదని ఎలా రాశారు?”

“నేను సూసిన్నాడు లేదు సార్.”

ప్రత్యక్ష పరీక్ష చెయ్యాలని నిర్ణయమైంది. సభ్యులిద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. పాట పెట్టారు. శాంతి సభ్యుడి కళ్లజోడు ముక్కు మీదికి జారింది. ధ్వని సభ్యుడు, తనకు తెలియకుండానే, కాలుతో దరువు వేశాడు. తర్వాత వాళ్లను దింపి, చంద్రయ్య సీటు మడిచాడు. టప్, టప్, టప్.

“ఏం చేశారండీ?” అన్నారు రామ్మోహనరావు, మొదటిసారి ఆశ్చర్యంగా.

“సీటు మడిచిన సార్. రూల్ల ఉన్నది.”

పార్థసారథి కారు పక్కకు వచ్చి నిలబడ్డాడు. మడిచిన సీటు చూపించాడు.

“సార్, తప్పు నాదండీ. దానికి పెట్టె లేదు. సీటు వెనక పలకకు బిగించాను. స్పీకరు ముందుకు తోసినప్పుడు వెనక గాలిని లాగుతుంది. మధ్యలో సీటూ పలకా అడ్డం ఉన్నంతసేపు ఆ రెండూ కలవవు, అందుకని మోగుతుంది. సీటు మడవగానే ముందు శబ్దం, వెనక శబ్దం ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి తినేస్తాయి. చంద్రయ్య విన్నది విన్నట్టే రాశాడు. నిబంధన ప్రకారం పరీక్షిస్తే ఈ కారులో సౌండు ఎప్పటికీ ఉండదండీ.”

బల్ల వెనక కూర్చున్నవాళ్లందరూ ఇంజినీరింగ్ చదివినవాళ్లే. అర్థం కాకపోవడమనే ప్రశ్నే లేదు. రామ్మోహనరావు లేచి, బోర్డు తెప్పించి, రెండు తరంగాలు గీసి, ఒకటి పైకి, ఒకటి కిందికి, కలిపితే సున్నా అని ఇంకా బాగా వివరించారు. అందరూ మెచ్చుకున్నారు. చంద్రయ్య కూడా తలూపాడు. ఆ తర్వాత సంఘం పక్కకు వెళ్లి టీ తాగి వచ్చి తీర్పు చదివింది.

నిబంధన శాస్త్రవిరుద్ధమని తేలినందున దానిని సవరించడమైనది. ఇకపై సీటు మడవరాదు. సవరణ మొదటి సర్క్యులర్ తేదీ నుంచే అమల్లోకి వచ్చినట్టు భావించవలెను. కాబట్టి ఆ తేదీ తర్వాత సీటు మడిచిన గార్డు చంద్రయ్య నిబంధన ఉల్లంఘించినట్టు రుజువైనది. అతన్ని తొలగించడమైనది. శాస్త్రీయ సమాచారంతో సహకరించిన పార్థసారథిని సంఘానికి గౌరవ సాంకేతిక సలహాదారుగా నియమించి, లిఫ్టు పక్కన పార్కింగ్ స్థలం కేటాయించడమైనది.

చంద్రయ్య అయోమయంగా పార్థసారథి వైపు తిరిగాడు. “అంటె సార్, నేను జెప్పింది నిజమేనని తేలింది గద?”

“తేలింది చంద్రయ్యా.”

“మరి ఎందుకు తీసేస్తున్రు?”

పార్థసారథి రామ్మోహనరావు దగ్గరికి వెళ్లాడు. “నాకు పార్కింగ్ వద్దండీ. తీసేస్తే నన్ను తీసేయండి” అన్నాడు.

“మీరు క్లయింటు డబ్బిచ్చే ప్రాజెక్టులో ఉన్నారండీ. అది పూర్తయ్యేదాకా మిమ్మల్ని శిక్షించడానికి వీల్లేదు” అన్నారు రామ్మోహనరావు మృదువుగా.

అప్పుడు రత్నమాల చెయ్యెత్తింది. సర్క్యులర్ చేతిలో ఉంది. “సార్, జర ఆఖరి అంశం సదవుండ్రి.”

“తెలుసమ్మా. నేనే రాశాను.”

“శిక్ష ఒక్క ప్రాంతం మీదనే పడొద్దని రాసిన్రు. సమాన హోదా అని గూడ రాసిన్రు. చంద్రయ్యన్నది తెలంగాణ. ఆయన్ని తీసేస్తే, ఆంధ్ర గార్డును ఒకర్ని గూడ తియ్యాలె. మంచిది, తియ్యిండ్రి. ఎవర్ని తీస్తరు?”

ఇది న్యాయంగానే కనిపించింది. రామ్మోహనరావు సిబ్బంది పట్టిక తెప్పించారు. ధ్వని సభ్యుడు గార్డుల పేర్లు చదివాడు. మెదక్, మహబూబ్‌నగర్, నల్లగొండ, మళ్లీ మెదక్. మొత్తం చదివాక ఆగాడు. “గార్డుల్లో లేరండీ.”

“హౌస్‌కీపింగ్‌లో చూడండి.”

చూశాడు. “లేరండీ.”

“డ్రైవర్లు? తోటమాలులు?”

“లేరండీ. ఒకాయన ఖమ్మం ఉన్నాడు, ఆయన్ని ఎటు వెయ్యాలో తెలియడం లేదు.”

హోదా ఒక్కొక్క మెట్టు పెంచుతూ పోయారు. సూపర్‌వైజర్ల దగ్గర ఒకరు దొరికారు, మేనేజర్ల దగ్గర కొందరు. పరిపాలనాధికారుల వరసకు వచ్చేసరికి పట్టిక మొత్తం కోస్తాయే. ధ్వని సభ్యుడి గొంతు రానురాను సన్నబడి, మొదటి పేరు దగ్గర పూర్తిగా ఆగిపోయింది. మొదటి పేరు రామ్మోహనరావు గారిది.

రామ్మోహనరావు ఆ పట్టికను తన వైపు తిప్పుకుని, అందులో తనది తప్ప ప్రతి పేరూ తను సంతకం పెట్టి చేర్చుకున్నదే అయినా, మొదటిసారి చూస్తున్నవాడిలా పై నుంచి కింది దాకా చూశారు. మళ్లీ కింది నుంచి పైకి చూశారు. కాసేపటికి తేరుకున్నారు. ఆయన అనుభవజ్ఞుడు.

“సమతౌల్యం విషయంలో రాజీ లేదు. కోస్తా ప్రాంతం నుంచి ఒక గార్డును నియమించి, శిక్షణ ఇచ్చి, సమాన హోదాకు తెచ్చాక, ఇద్దరినీ కలిపి తొలగిద్దాం. అంతవరకు చంద్రయ్య కొనసాగుతారు” అన్నారు.

నియామకం తేలిక కాలేదు. కొన్నాళ్లకు శ్రీకాకుళానికి చెందిన వెంకటరామయ్య అనే మనిషి దొరికాడు. అంతకుముందు మూసాపేటలో ఏదో కట్టడం పనిలో ఇటుకలు మోశాడు. ఉద్యోగం ఉద్దేశం దాచడం అన్యాయమని రామ్మోహనరావు అంతా విడమర్చి చెప్పారు.

“అయితే ఏటండి, శిక్షణ అయినాక తీసేత్తారా?”

“అవునండీ. ఆయనతో పాటు.”

“శిక్షణ ఎవులిత్తారండి?”

“ఆయనే.”

వెంకటరామయ్య గేటు దగ్గర నిలబడి ఉన్న చంద్రయ్యను కాసేపు చూసి, “అయితే సేరతానండి” అన్నాడు.

చంద్రయ్య శిక్షణ మొదలుపెట్టాడు. డిక్కీ ఎలా తెరవాలో నేర్పాడు. నెలాఖరున రామ్మోహనరావు అడిగితే, “తెర్వనైతే నేర్సిండు సార్, మూసుడు ఇంక రాలె” అన్నాడు. చూసింది చూసినట్టు చెప్పే చంద్రయ్య జీవితంలో చెప్పిన మొదటి అబద్ధం అది. చెప్పాక చెవులు ఎర్రబడ్డాయి. పక్కనే ఉన్న వెంకటరామయ్య, మాట నిలబెట్టడానికి, ఒక మేనేజరు డిక్కీని మూసీ మూయకుండా వదిలేశాడు. అది రోడ్డు మీద ఎగిరెగిరి పడుతూ వెళ్లింది. ఆ తర్వాతి దసరాకు మూయడం వచ్చింది, కానీ అద్దం తిప్పడంలో చేయి తిరగలేదు. ఎడమ వైపుకు తిప్పడం వచ్చేసరికి కుడి వైపు మర్చిపోయాడు. వెంకటరామయ్యకు వేరే చోటు లేదని చంద్రయ్య అతన్ని బోరబండలో తన గదిలోనే పెట్టుకున్నాడు. శిక్షణ ఇంటి దగ్గర కూడా సాగుతోందని సంఘం హర్షం వెలిబుచ్చింది.

పార్థసారథి లిఫ్టు పక్కన పార్కింగు తీసుకోలేదు. సబ్‌వూఫర్ ఊడదీయబోతే రత్నమాల ఆపింది. గేటుకు కాస్త ముందు పాట తగ్గించడం అలవాటు చేసుకున్నారు. సమ్మె ముగిశాక కూడా బోరబండలో ఆగడం మానలేదు. ఇప్పుడు వెనక సీట్లో ఇద్దరు ఎక్కుతున్నారు.

2014 జూన్‌లో తెలంగాణ వచ్చింది. ఆ పొద్దున రత్నమాల గేటు దగ్గర అందరికీ మిఠాయి పంచింది. చంద్రయ్య మిఠాయి అరచేతిలో పట్టుకుని, తినకుండా, చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత సగం విరిచి వెంకటరామయ్యకు ఇచ్చి, సగం తను తిని, కళ్లు తుడుచుకుని టోపీ సర్దుకున్నాడు. రాష్ట్రాలు వేరయ్యాయి కనుక ఇక సమతౌల్యంతో పనిలేదని సంఘాన్ని రద్దు చేశారు. సంఘంతో పాటే తొలగింపు తీర్మానం కూడా పోయింది. ఆ సంగతి చెప్పడానికి రామ్మోహనరావు స్వయంగా గేటు దాకా వచ్చారు. గచ్చిబౌలిలో ఇల్లు కట్టుకున్నారు కాబట్టి ఆయన ఎక్కడికీ వెళ్లడం లేదు.

“మరి మీరు మన రాష్ట్రానికి వెళ్లిపోతారాండీ?” అని వెంకటరామయ్యను ఆప్యాయంగా అడిగారు.

“ఎల్తానండి. మనోళ్లు ఇలాటి గేటొకటి కట్టినాక సెప్పండి.”

అక్కడ ఇంకా కట్టలేదు. ఈలోగా బోరబండ గది కిరాయి ఇద్దరూ చెరి సగం కడుతున్నారు. రాష్ట్రాలు రెండు వచ్చాయి గానీ, రెండు గదులు తీసుకునేంత జీతం ఇద్దరిలో ఎవరికీ రాలేదు.